నూట పద్నాలుగో వార్నింగు

అప్పటికి రెండో కప్పు టీ కూడా చల్లారిపోయింది. అతను కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి నూట పద్నాలుగో వార్నింగు చదువుతున్నాడు.

పాలిటెక్నిక్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. ఎవరి ప్రోగ్రామ్ ఆగిపోయినా ముందు వరుస చివర సెమికోలన్ ఉందా అని వెతుకుతాడని పిల్లలు చాటుగా ‘సెమికోలన్’ అనే అంటారు. పొద్దుటి పూట మాత్రం అతనిది వేరే కొలువు. ఎవరైనా చదివి, ఎవరైనా బాగుచేయగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. దాని కోడ్‌ని కంపైల్ చేసి యంత్రభాషలోకి మార్చేటప్పుడు కంప్యూటర్ గొణిగే వార్నింగుల్ని ఒక్కొక్కటే సరిచేసి పంపుతాడు. జీతం లేదు, చేయమన్నవాళ్లూ లేరు. మొదటిసారి పంపినదాన్ని పనికిమాలిన మార్పని దాని నిర్వాహకులు తిప్పికొట్టారు. వారం రోజులు తిండి సయించలేదు. ఆ తర్వాత మళ్లీ పంపాడు.

“అవి సరిచేయకపోతే ఏమవుతుందిరా?” వంటింట్లోంచి అడిగింది అక్క. బావ పోయినప్పటి నుంచీ ఆమె ఇక్కడే ఉంటోంది. అతను తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు.

“ఏమీ కాదక్కా. అన్నీ నడుస్తూనే ఉంటాయి.”

“మరెందుకీ తలనొప్పి?”

“వెయ్యింట్లో ఒకటి నిజంగా ప్రమాదం కావచ్చు. మిగతా చెత్త ఊడిస్తేగానీ అది కంటపడదు.”

“ఇంట్లో చీపురు మాత్రం నీ కంటపడదు.”

అతను నవ్వాడు. మళ్లీ తెర వైపు తిరిగాక నవ్వు ఆగిపోయింది. సున్నా కంటే తగ్గడానికి వీల్లేని అంకెను, సున్నా కంటే తగ్గిందా అని అడుగుతోంది ఆ వరుస. దాన్ని కొట్టేస్తే వార్నింగు పోతుంది. అతను కొట్టేయలేదు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తోందో గంటన్నర పాటు కోడ్‌లో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాడు. డిస్కు మీద రాయడం విఫలమైతే మైనస్ అంకె రావాలి; అది ఇందులో పట్టదు కాబట్టి, విఫలమైనా రాసేశానని చెబుతోంది ఆ కోడ్. ఏడేళ్లుగా చెబుతోంది. ఎవరెవరి ఫైళ్లు పోయాయో. ఒక్క మాట మార్చి, కారణం నాలుగు వాక్యాల్లో రాసి పంపాడు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో లెక్చరరుతో, “ఈసారి నిజంగానే ఒకటి దొరికిందండీ,” అన్నాడు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, “మంచిదండీ,” అంది.

మూడున్నరకు బ్యాచ్ లోపలికి వచ్చేసరికి అతను కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చున్నారు. చాలాసేపటికి గానీ ఎవరికీ అనుమానం రాలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ఐదో రోజున అక్క అతని సామాన్ల కోసం వచ్చింది. మెయిలు మూసేద్దామని లెక్చరరు అతని కంప్యూటర్ తెరిస్తే పైనే ఒక జవాబు ఉంది. చదివి తెలుగులో చెప్పింది: “ఇన్నేళ్లూ మేమెవరం చూడలేదు. తీసుకుంటున్నాం. చాలా మేలు చేశారు.”

అక్క తెర వైపు చూసింది.

“వాడు చూశాడామ్మా ఇది?”

ఆ జవాబు ఇంకా ఎవరూ తెరవనట్టు నల్లటి లావు అక్షరాల్లో ఉంది. వచ్చింది అతను పోయిన రోజే, మధ్యాహ్నం మూడూ నలభైకి.

“చూశారండీ,” అంది లెక్చరరు.

అక్క తల ఊపి, కొంగుతో మొహం తుడుచుకుని, సొరుగు లాగింది. అందులో కీబోర్డులు దులిపే పొట్టి కుంచె ఒక్కటే ఉంది. దాని వెంట్రుకల మధ్య ఇంకా బూడిదరంగు దుమ్ము.