లోపల ఎవరున్నారు

కర్దనూర్ దాటాక రోడ్డు పక్కనున్న ఆ మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక చెక్కబోర్డు ఉండేది. దాని నిండా మేకులు, మేకులకు నంబర్లు వేసిన ఇత్తడి బిళ్లలు. లోపలికి పోయేవాడు తన బిళ్లను ఎర్రరంగు వేసిన సగంలో తగిలించేవాడు. బయటికి వచ్చేటప్పుడు తీసి తెల్లసగంలో తగిలించేవాడు. లోపల పనంతా ఇట్టే అంటుకునే సాల్వెంట్లతో. ఒక్క నిప్పురవ్వ చాలు. అలాంటిది జరిగిననాడు లోపల ఎవరు చిక్కుకున్నారో ఎర్రసగం చూసి చెప్పగలగాలి. బోర్డు చేసే పని అదొక్కటే.

శివరాత్రికల్లా ఆ బోర్డు తీసేయాలనీ, ఇకమీదట ఆ పని కంప్యూటరు చేయాలనీ మేనేజ్‌మెంటు నిర్ణయించింది. చేసి చూపించాల్సిన భారం కౌసల్య మీద పడింది.

కౌసల్యది సంగారెడ్డి. ఇంటర్ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, ఈ కంపెనీలో చేరింది. ఇన్నాళ్లూ జీతాల లెక్కలు నడిచింది ఆమె పాత ఫాక్స్‌ప్రో భాషలో రాసిన ప్రోగ్రాంతోనే. ఇప్పుడు అన్నీ కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలని హైదరాబాదు నుంచి నరసరాజు అనే ఇంజనీరును పిలిపించారు. భీమవరం వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"ఫ్రేమ్‌వర్క్ అంటే సగం కట్టిచ్చిన ఇల్లు లాంటిదండీ. గోడలు, తలుపులు వాళ్లే పెట్టేశారు. మనం సామాను సర్దుకోవడమే" అన్నాడు మొదటిరోజు.

సామాను సర్దుకోవడం అంత తేలిక కాలేదు. మొదటివారం షిఫ్టు మారే వేళ గేటు దగ్గర బిళ్లల బదులు పెట్టిన కార్డుల యంత్రం నాలుగైదు కార్డులు తీసుకుని బిగుసుకుపోయేది. వెనక రోడ్డుదాకా లైను. కంపెనీ బస్సు హారన్ కొడుతూ ఉండేది.

"కౌసల్యమ్మా, మీ కంప్యూటర్‌కు కూడ చాయ్ తాపియ్యుండ్రి. షిఫ్ట్ దిగంగనే అలిసిపోతుంది" అని లైనులోంచి అరిచేవాడు ఐలన్న. మందుపొడి ఆరబెట్టే డ్రయ్యర్ల బ్లాకులో ఆపరేటరు. ముత్తంగిలో ఉంటాడు, యాభై దాటిన మనిషి. కౌసల్య అతన్ని కాకా అని పిలిచేది.

మొదట తీగలు అనుమానించారు. కొత్త తీగ వేశారు. తర్వాత సర్వర్ చిన్నదన్నారు. చివరికి కౌసల్యే ప్రోగ్రాం ఒక్కొక్క పేజీ చదువుకుంటూ పోయి కారణం పట్టుకుంది. కార్డు గీసిన ప్రతిసారీ ప్రోగ్రాం డేటాబేస్‌కు ఒక దారి తెరుస్తోంది, పని కాగానే మూయడం లేదు. తెరిచిన దారులు నిండిపోయి కొత్తవాటికి చోటు ఉండటం లేదు. ఆ భాగం రాసింది ఆమే. ఫాక్స్‌ప్రోలో అలా మూయాల్సిన అవసరం పడేది కాదు, పాత అలవాటు కొత్త ఇంట్లోకి వచ్చింది. మూసే వాక్యం రాసింది. మర్నాటినుంచి లైను నిలవలేదు.

రెండో చిక్కు అంత సులువుగా తేలలేదు. యంత్రం బిగుసుకుపోయినప్పుడల్లా సర్వర్‌ను ఆపి మళ్లీ వేశారు గదా, ఆ సందులో బయటికి పోయినవాళ్ల లెక్క పోయింది. అదీగాక బస్సు కదులుతుందంటే సగంమంది కార్డు గీయకుండానే పరుగెత్తేవారు. బోర్డు వాడినప్పుడు కూడా అలాగే పరుగెత్తేవారు. కాని టైమాఫీసు మొగులయ్య కిటికీలోంచి చూసి, పోయినవాడి బిళ్ల తనే మార్చేవాడు. యంత్రానికి ఆ చూపు లేదు.

ఒకరోజు ఉత్తుత్తి సైరన్ మోగించి పరీక్ష పెట్టారు. అందరూ మైదానంలోకి వచ్చాక చూస్తే తెరమీద ఇంకా బోలెడుమంది లోపలున్నట్టు ఉంది. వాళ్లంతా ఇళ్లలో నిద్రపోతున్నారు.

సేఫ్టీ ఆఫీసరు ఆ కాగితం కౌసల్య బల్లమీద పడేశాడు. "నిజంగ నిప్పంటుకుంటే ఇందుట్ల ఎవర్ని దేవులాడాలమ్మా? దయ్యాలనా? మా ఫైరు పిల్లలు మాస్కులు పెట్టుకుని మంటలకు పోతరు. లేనోని కోసం పోయి ఒకడు సస్తే ఎవరిది జిమ్మేదారి?"

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఆ సాయంత్రం నరసరాజు ఒక ఉపాయం చెప్పాడు.

"షిఫ్టు అయిన కాసేపటికి ఆ షిఫ్టువాళ్లందర్నీ బయటికెళ్లినట్టు గుర్తు పెట్టేద్దామండీ. ఫ్రేమ్‌వర్క్‌లోనే టైమర్ సదుపాయం ఉంది. దయ్యాలు వాటంతటవే పోతాయి."

"ఎవరన్నా ఉండిపోతే?"

"సాల్వెంట్ బ్లాకుల్లో డబుల్ డ్యూటీ చేయకూడదని మీ రూల్సులోనే ఉంది. అయినా రూల్సు వేరు, జరిగేది వేరు. మీరు ఇక్కడివారు. మీరే చెప్పండి, ఎవరైనా ఉంటారా?"

కౌసల్యకు జవాబు తెలుసు. అయినా "అడిగి చెప్తా సార్" అంది.

అక్కడ జోడి అని ఒక పద్ధతి ఉంది. ఎవరూ కాగితం మీద రాయలేదు. ఒకే యంత్రం మీద వేర్వేరు షిఫ్టుల్లో పనిచేసే ఇద్దరు ఒక జోడి. ఒకడికి పెళ్లో, పేరంటమో, జాతరో వస్తే రెండోవాడు తన షిఫ్టు దిగకుండా వాడిది కూడా చేస్తాడు. ఫోర్‌మన్ తన పుస్తకంలో ఇద్దరూ వచ్చినట్టు రాసుకుంటాడు. గేటు దగ్గరి కార్డుకు ఆ హాజరుతో సంబంధం లేదు. ముఖ్యంగా శివరాత్రికి ఏడుపాయల జాతర. అక్కడి దుర్గమ్మకు మొక్కని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. లారీలు కట్టుకుని పోతారు. ఆ రోజు అందరికీ సెలవు దొరకదు కాబట్టి సగంమంది జోడి మీదే పోతారు.

మర్నాడు క్యాంటీన్‌లో కౌసల్య ఐలన్న ముందు కూచుంది. టైమర్ సంగతి, జోడి మీద ఉండేవాళ్లను ప్రోగ్రాంలో రాయాల్సిన సంగతి చెప్పగానే అతను గ్లాసు పక్కన పెట్టాడు.

"రాయకు బిడ్డా. నువ్వు రాస్తే సాబ్ సూస్తడు. సూస్తే జోడి బంద్ చేస్తడు. నా జోడి లింగం తన పోరనికి ఏడుపాయల పుట్టెంటికలు తీస్తనని మొక్కుకున్నడు. పోయినేడు నేను పోతే వాడే నా బదులు నిలవడ్డడు. ఇప్పుడు నా వంతు."

"అది కాదు కాకా. నువ్వు లోపల పని చేస్తుంటే కంప్యూటర్ నిన్ను ఇంటికి పంపిస్తది."

"పంపనియ్యి. మీ చిన్నమ్మకు గూడ జెర చెప్పమను, బువ్వ వండి పెడ్తది." పక్కనున్నవాళ్లు నవ్వారు. ఐలన్న నవ్వలేదు. "నిజం చెప్తున్న. ఒక్క జాతర ఎల్లనియ్యి. అటెన్క ఏమన్న చేసుకో."

కౌసల్య పూజలు, ఉపవాసాలు తప్పనిది. ప్రతి శుక్రవారం వైకుంఠపురం గుడికి పోయే మనిషి. మొక్కు చెల్లించకుండా ఆపడం పాపమని ఆమె గట్టిగా నమ్మింది. ఒక పసివాడి మొక్కును తన ప్రోగ్రాం అడ్డుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. జాతర కాగానే, ఎవరి పేరూ బయటపెట్టకుండా ఏదో ఒక మార్గం రాస్తాననుకుంది.

"ఎవరూ ఉండరు సార్" అని నరసరాజుతో చెప్పింది.

అతను టైమర్ పెట్టాడు. శివరాత్రికి ముందే బోర్డును గోడనుంచి ఊడదీసి స్టోరులో పెట్టారు.

శివరాత్రినాడు కౌసల్య తెల్లవారకముందే తలస్నానం చేసి, గుడికి పోయి, ఉపవాసంతోనే డ్యూటీకి వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టు మారింది. కాసేపటికి టైమర్ నడిచింది. తెరమీద పాత పేర్లన్నీ ఒక్కసారిగా పోయి, ఉండాల్సినవి మాత్రమే మిగిలాయి.

"చూశారా, ఒక్క దయ్యం లేదు" అన్నాడు నరసరాజు సంతోషంగా.

కౌసల్య ఆ పేర్లు పైనుంచి కిందికి చదివింది. ఐలన్న పేరు లేదు. లేదని ముందే తెలుసు. అయినా మరోసారి చదివింది.

ఎండ ఇంకా తగ్గకముందే డ్రయ్యర్ల బ్లాకులోంచి పొగ వచ్చింది. ఈసారి సైరన్ ఉత్తుత్తిది కాదు. అందరూ మైదానంలోకి పరుగెత్తారు. మొగులయ్య లిస్టు తీసుకుని గొంతు చించుకుని పేర్లు చదివాడు. చదివిన ప్రతి పేరుకూ ఒక చెయ్యి లేచింది.

"లిస్టు సాఫ్" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు. ఫైరువాళ్ల వైపు తిరిగి, "లోపల ఎవరు లేరు. డ్రమ్ములున్నయి, పేల్తయి. ఎవరు లోపలికి పోవద్దు. బయటినుంచే నీళ్లు కొట్టుండ్రి" అని అరిచాడు. ఫైరువాళ్లు తీసిన మాస్కులు మళ్లీ బండిలో పెట్టారు.

కౌసల్య గుంపులో వెతికింది. డ్రయ్యర్ల బ్లాకువాళ్లు ఒకవైపు నిలబడి ఉన్నారు. ఆమె కళ్లలోకి ఎవరూ చూడలేదు. మొగులయ్య దగ్గరికి పోయి, "ఐలన్న కాక ఏడి?" అంది.

మొగులయ్య గొంతు తగ్గించాడు. "ఎనక గేటు దిక్కు ఉరికుంటడు బిడ్డా. గా పక్క గూడ మంది వోయిండ్రు. జెర ఆగు. ఉత్తగనే పేరు చెప్పినవనుకో, ఆయనది, లింగానిది, ఫోర్‌మన్‌ది, ముగ్గురి నౌకరీలు పోతయి. వస్తడు. ఆగు."

ఆమె ఆగింది. ఎంతసేపు ఆగిందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా తేల్చుకోలేకపోయింది. తల్లీ, వెనక గేటు దగ్గర ఉంచు, అని మనసులో అనుకుంటూ ఆ మూల వైపే చూస్తూ నిలబడింది. అటునుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఎవరు వచ్చినా అతనే అనిపించింది. ఎవరూ అతను కాదు.

లోపల ఒక డ్రమ్ము పేలింది. రేకులు ఎగిరాయి. కౌసల్య పరుగెత్తింది.

"సార్, లోపల ఐలన్న ఉన్నడు. డ్రయ్యర్ కాడ."

"లిస్టుల లేడమ్మా."

"లిస్టు తప్పు సార్. లింగం జాగల ఉన్నడు. నాకు తెలుసు."

ఆయన ఫైరువాళ్లను కేకేశాడు. మాస్కులు వేసుకున్న ఇద్దరు వెనకవైపు నుంచి లోపలికి పోయారు.

ఐలన్నను తూకం గది తలుపు దగ్గర కనుక్కున్నారు. మంట అక్కడిదాకా రాలేదు. ఒంటిమీద ఒక్క బొబ్బ లేదు. పొగ మాత్రం గది నిండా ఉంది. మోసుకొచ్చి గడ్డిమీద పడుకోబెట్టినప్పుడు ఇంకా ఎగశ్వాస ఉంది. ఆక్సిజన్ పెట్టారు. బండి పటాన్‌చెరు ఆస్పత్రికి చేరేలోపే అది ఆగిపోయింది.

మాస్కు తీసిన కుర్రవాడు గేటు దగ్గర కూచుని నీళ్లు తాగుతూ, "తలుపు కాడిదాంక వొచ్చిండన్న. ఇంకో జెర ముందుగాల వోతే…" అంటూ కౌసల్యను చూసి మాట మింగేశాడు.

మర్నాడు నరసరాజు టైమర్ తీసేశాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను మిమ్మల్ని అడిగానండీ" అన్నాడు. నింద వేస్తున్నట్టు లేదు. తనకు తను చెప్పుకుంటున్నట్టు ఉంది. "అడిగాను కదండీ?"

"అడిగిండ్రు సార్" అంది కౌసల్య.

ఆరోజు సాయంత్రం ఆమె ముత్తంగి పోయింది. ఐలన్న ఇంటిముందు షామియానా, కింద ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీలో లింగం తలవంచుకుని కూచున్నాడు. ఒళ్లో నున్నగా గుండు చేసిన పిల్లవాడు, గుండుమీద పసుపు. జాతరలోనే కబురు తెలిసి అటునుంచి అటే వచ్చాడు.

ఐలన్న భార్య ముత్యమ్మ గోడకు ఆనుకుని కూచుంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. కౌసల్యను చూసి, "రా బిడ్డా" అంది. కౌసల్య దగ్గరికి పోయి నిలబడింది.

"కంపెనోళ్లు వొచ్చిండ్రు పొద్దున. మీ ఆయన లోపల ఉన్నది ఎవలకు ఎర్కలేదమ్మా, కంప్యూటర్ల లేడు, అందుకే ఆలస్యమైంది అన్నరు. నిజమేనా? నువ్వు గా కంప్యూటర్ కాడనే ఉంటవంట గద."

అవునంటే సరిపోయేది. కంపెనీవాళ్లు, మొగులయ్య, ఆ బ్లాకువాళ్లు అందరూ ఆ మాటే చెప్పుకుంటున్నారు.

"నాకు ఎర్కనే చిన్నమ్మా" అంది కౌసల్య.

లింగం తల ఎత్తాడు.

"ఎర్కనా?" ముత్యమ్మ గొంతులో కోపం లేదు, అర్థంకానితనం ఉంది. "ఎర్కుండి ఎందుకు చెప్పలే బిడ్డా?"

"జాతర ఆగుతదని. మొక్కు ఆగితే అమ్మకు కోపమొస్తదని చెప్పలే. ముందు చెప్పలే. నిన్న గూడ జల్దీ చెప్పలే."

ముత్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అమ్మ అడిగిందా నిన్ను?" అంది.

అమ్మ అడగలేదు. ఐలన్న అడిగాడు, కౌసల్య తనే ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలుకు అమ్మ పేరు పెట్టుకుంది.

లింగం పిల్లవాణ్ని భుజాన వేసుకుని షామియానా బయటికి నడిచాడు. ముత్యమ్మ ఆమెను కూచోమనలేదు, పొమ్మనలేదు. లోపలినుంచి ఎవరో పిలిస్తే గోడ పట్టుకుని లేచి ఇంట్లోకి పోయింది. కౌసల్య అక్కడే నిలబడి ఉంది.