ఎర్ర వైరు, తెల్ల వైరు

పొద్దు వాలే వేళకు గురవమ్మ టీవీ సౌండు పెంచేది. వేముల దగ్గర ఆ పల్లెలో అది అందరికీ తెలిసిన సంగతే. గుట్ట కింద మేసే గొర్రెలు చెవులు నిక్కబొడుచుకుని, ఒకదాని వెనక ఒకటి ఇంటి దారి పట్టేవి. టీవీలో ఎవరు మాట్లాడుతున్నారన్నది వాటికి పట్టదు. వార్తలు చదివే అమ్మాయి కానీ, క్రికెట్ ఆట గురించి ఇంగ్లీషులో చెప్పే దొర కానీ, సీరియల్లో ఏడ్చే కోడలు కానీ, ఆ ఇంటి టీవీలో అందరి నోటా వచ్చేది కుళ్లాయప్ప గొంతే.

కుళ్లాయప్ప గురవమ్మ మొగుడు. చుట్టుపక్కల ఊళ్లను తన మాట మీద నడిపించే నాయకుడు ఒకాయన ఉన్నాడు, ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. చాలా ఏళ్ల కిందటి ఎన్నికల్లో కుళ్లాయప్ప ఆయన తరఫున ఏజెంటుగా కూర్చున్నాడు. ఓట్లయిన మర్నాడు చిన్నపిల్లవాడైన కొడుకు నారాయణస్వామిని వెంటబెట్టుకుని గొర్రెలు తోలుకొస్తుంటే, వంక దగ్గర అవతలి వర్గం మనిషి సుబ్బరాయుడు నాటుబాంబు విసిరాడు. ఇనుపముక్క ఒకటి కుళ్లాయప్ప గొంతులో దిగబడింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో టీవీలో ఎవరో ఆఫీసరు శెనక్కాయ పంటకు పట్టే తెగులు గురించి చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ఆయన గొంతు కుళ్లాయప్ప గొంతైపోయింది. గురవమ్మ చేతిలో చేట అక్కడే పడేసి, ఎవరూ వచ్చి చెప్పకముందే వంక వైపు పరిగెత్తింది.

జమ్మలమడుగు ఆసుపత్రిలో మనిషిని బతికించారు. గొంతు మాత్రం టీవీలోనే ఉండిపోయింది. ఊళ్లో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. కుళ్లాయప్ప టీవీలోకి పోయినాక శానా చదువుకున్నోని మాదిరి మాట్లాడతాండాడని ముసలమ్మలు మెచ్చుకున్నారు. ఆయన మాత్రం మంచం మీద కూర్చుని, పెదవి కదపకుండా తన గొంతు తాను వింటూ ఉండేవాడు.

కేసు నిలబడలేదు. సాక్ష్యం చెప్పాల్సిన మనిషికి నోరు లేదు, చూసిన పిల్లవాడికి వయసు లేదు. సుబ్బరాయుడు బళ్లారి పక్కకు వెళ్లిపోయాడు. నారాయణస్వామి పెరిగాడు, మీసం వచ్చింది. పెద్దాయన మోటారుసైకిలు ఇప్పించాడు, సెల్‌ఫోను ఇప్పించాడు, తన ఇంటి పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. ఒక్కొక్కటి ఇంటికి వచ్చినప్పుడల్లా గురవమ్మ దాన్ని ఎగాదిగా చూసేది. ఊరికే మేపేవాళ్లు ఎవరుంటారని ఆమెకు అనుమానం. పొట్టేళ్లను తనూ మేపింది, ఎందుకు మేపుతారో ఆమెకు తెలుసు.

మళ్లీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఒకనాడు పొద్దున పెద్దాయన గుమాస్తా బాలసుబ్బయ్య వచ్చి, మధ్యాహ్నానికి కొత్త టీవీ వస్తుందని చెప్పాడు. గోడకు తగిలించే వెడల్పాటి టీవీ, దాంతోపాటు హెచ్‌డీ డబ్బా. ఆ సాయంత్రం ప్రొద్దుటూరులో శాంతి సభ ఉందని, పెద్దాయన మాట్లాడేది లైవులో వస్తుందని, ఊళ్లో జనాన్నందరినీ పిలిచి చూపించాలని గట్టిగా చెప్పిపోయాడు. పెద్దాయన ఆ వేళకు యాడుండాడో అందరూ చూడాల అన్నాడు. ఆ మాట గురవమ్మకు ముల్లులా దిగింది. మనిషి ఎక్కడున్నాడో అంతమంది ఎందుకు చూడాలి?

మధ్యాహ్నం ప్రొద్దుటూరు నుంచి బాషా వచ్చాడు. టీవీలు బిగించడం అతని పని. గోడకు కొత్త టీవీ తగిలించి, మిద్దెక్కి డిష్షును అటూ ఇటూ తిప్పుతున్నాడు. నారాయణస్వామి అప్పటికే అన్నం తినేసి, బూట్లు వేసుకుని గడపలో కూర్చున్నాడు. సెల్‌ఫోను ఆపి గూట్లో పెట్టాడు. ఫోను లేకుండా వాకిలి దాటని పిల్లవాడు వాడు.

గురవమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. "యాడికి పోతాండావు నాయనా?"

"పులివెందులకి. పెండ్లి ఉంది."

"ఎవురి పెండ్లి?"

వాడు తల దించుకుని బూటుతాడు మళ్లీ కట్టుకున్నాడు. ఆమెకు అర్థమైంది. సుబ్బరాయుడు తిరిగొచ్చాడని, అవతలి పార్టీకి పని చేస్తున్నాడని, పులివెందులలో అన్న కూతురి పెళ్లి దగ్గరుండి చేస్తున్నాడని పిండిమర దగ్గర విన్నదే.

"ఆయప్ప మొగం తెలిసినోన్ని నేనొక్కన్నే మా," అన్నాడు వాడు నేల చూస్తూ. "మిగతావాళ్లు బయటి ఊరోళ్లు. సుమో వస్తాది."

గురవమ్మ వాకిలికి అడ్డం నిలబడలేదు. ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. పెద్దాయన ఇంట అన్నం తిన్న రోజు నుంచి తల్లి వద్దన్న ప్రతి పనీ వాడు పంతానికి చేస్తున్నాడు. వంక దగ్గర తండ్రి నెత్తురు తన చొక్కా మీద పడ్డ పిల్లవాడికి ఏం చెప్పి ఆపాలో ఆమెకు ఇన్నేళ్లలో తట్టలేదు. కుళ్లాయప్ప మంచం మీద నుంచి ఇద్దరినీ చూస్తున్నాడు.

బాషా మిద్దె దిగి వచ్చి, ఒక నల్లటి దళసరి వైరు డబ్బాకూ టీవీకీ తగిలించాడు. గోడ మీద బొమ్మ వెలిగింది. వార్తలు చదివే అమ్మాయి చెవికమ్మల్లో రాళ్లు కూడా కనిపిస్తున్నాయి. ఆమె నోరు తెరిచింది. ఆడగొంతు, సన్నటి గొంతు, ఆమె సొంత గొంతు వచ్చింది.

కుళ్లాయప్ప మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. చెయ్యి గొంతు మీదికి పోయింది. దొడ్లో కట్టేసిన మేకపిల్ల ఒకటి అరిచింది.

"ఇది మా ఇంటాయన గొంతు కాదు కదప్పా," అంది గురవమ్మ.

బాషాకు ఆ ఇంటి సంగతి తెలుసు, ప్రొద్దుటూరులోనే విన్నాడు. నల్ల వైరులో బొమ్మా మాటా రెండూ కలిసి పోతాయని, కొత్త టీవీ తన మాట తానే పలుకుతుందని, గొంతు ఉన్నది పాత టీవీ స్పీకర్లో కాబట్టి మాటను విడదీసి అటు పంపించాల్సి ఉంటుందని వివరించాడు. బొమ్మకు నల్ల వైరు, మాటకు ఎర్ర వైరు తెల్ల వైరు. పాత వైర్లు చూస్తే ఎలుకలు కొరికి ఉన్నాయి. సంచిలోంచి రెండు రకాలు తీశాడు. ఒకటి సన్నంది, గరగరమంటుందట. ఇంకోటి లావుది, మొనకు బంగారు రంగు పూత ఉంది, దాంట్లో మాట చీలకుండా వస్తుందట.

"యాదో ఒకటిలే అన్నా, నల్లదే ఉండనీ," అన్నాడు నారాయణస్వామి గడపలోంచి. "ఈ పొద్దుకు మటుకు ఆ గొంతు వద్దు మా. రేపు మార్పించుకుందువులే."

గురవమ్మ కొడుకు వైపు చూసింది. వాడు ఏ గొంతు వినకుండా వాకిలి దాటాలనుకుంటున్నాడో ఆమెకు తెలిసింది. తను చేయగలిగింది ఇంకేమీ కనిపించలేదు. కనీసం వాడు పోయేటప్పుడు తండ్రి గొంతు ఇంట్లో ఉండాలనుకుంది, అంతే.

"లావుదే బిగించు బాషా," అంది.

పాత టీవీని కొత్తదాని కింద పీట మీద పెట్టి, ఎర్ర మొన ఎర్ర రంధ్రంలో, తెల్ల మొన తెల్ల రంధ్రంలో గుచ్చి, కొత్తదాని సౌండు ఆపేశాడు బాషా. పైన అమ్మాయి పెదవులు కదిలాయి. కింద బొమ్మ లేని పాత టీవీలోంచి కుళ్లాయప్ప గొంతు వచ్చింది. ఆ ఇంట్లో అది ఎన్నడూ అంత తేటగా వినిపించలేదు. పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. మాట చివర కుళ్లాయప్ప తీసే చిన్న ఊపిరి కూడా వినిపించింది. నారాయణస్వామి తల పక్కకు తిప్పుకున్నాడు.

బాషా వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే వచ్చి చాప మీద సర్దుకున్నారు. గోడ మీద ప్రొద్దుటూరు సభ కనిపిస్తోంది, జెండాలు, పూలదండలు. పెద్దాయన మైకు దగ్గరికి వస్తుండగా వీధిలో సుమో వచ్చి ఆగింది. హారన్ ఒక్కసారి మోగింది. నారాయణస్వామి లేచాడు. తండ్రి వైపు చూడకుండానే చెయ్యి చాచి ఆయన పాదం ముట్టుకున్నాడు. వాకిలి వైపు తిరిగాడు.

అప్పుడు కుళ్లాయప్ప గొంతు మాట్లాడింది.

"అన్నలారా, తమ్ముళ్లారా, నా బిడ్డలారా."

నారాయణస్వామి అడుగు ఆగింది. అది పెద్దాయన ఉపన్యాసమని వాడికి తెలుసు. పెద్దాయన కారు మీద ఒకప్పుడు బాంబు పడిందని, ప్రతి సభలోనూ దాన్ని తలుచుకుంటాడని తెలుసు. సుమో పంపించిందీ ఆయనేనని అందరికంటే వాడికే బాగా తెలుసు.

"నా కోసం ఎవ్వరూ కత్తి పట్టొద్దు. నాకు జరిగింది నేను మనసులోంచి తీసేసినా. నా నెత్తురు పేరు చెప్పి ఇంకో ఇంట్లో నెత్తురు పారితే నాకది సంతోషం కాదు."

వాడు మెల్లగా వెనక్కి తిరిగాడు. గోడ మీద పెద్దాయన ముఖం గోడంత ఉంది. పాత టీవీలో అయితే తెల్ల చొక్కా, నల్ల మీసం తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఇందులో పై పెదవి మీద చెమట కనిపిస్తోంది. చేతులు జోడిస్తూ జోడిస్తూ, మణికట్టు కొంచెం తిప్పి గడియారం చూసుకున్నది కూడా కనిపించింది. రెప్పపాటు పని. చాప మీద ఎవరూ గమనించలేదేమో కానీ వాడు గమనించాడు.

వీధిలో హారన్ రెండుసార్లు మోగింది.

గురవమ్మ చూస్తున్నది టీవీని కాదు. కుళ్లాయప్ప పెదవులు కదులుతున్నాయి. గొంతు పోయిన నాటి నుంచి కదలని పెదవులు. మొదట ఆయన పెదవులు కదిలేవి, ఆ వెనక పాత డబ్బాలోంచి మాట వచ్చేది, ఆ తర్వాత గోడ మీద పెద్దాయన నోరు తెరుచుకునేది. ఆమె చూపు పట్టుకుని కొడుకూ అటు చూశాడు.

"మీ తల్లుల ముఖాలు చూడండి," అన్నాడు కుళ్లాయప్ప. "మీరు పోవద్దు. పిలిచినోని ఇంట్లో బిడ్డ పోవడంలేదు, మీ ఇంట్లో బిడ్డ ఎందుకు పోవాల? ఇంట్లో ఉండండి."

గోడ మీద పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. తన కాగితంలో లేని మాట ఏదో నోట్లోంచి జారినట్టు కిందికి చూసి, కాగితం తిప్పి, నీళ్లు తాగాడు. సభలో జనం చప్పట్లు కొట్టారు.

నారాయణస్వామి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. బూటుతాడు ముడి పట్టుకున్నాడు. కుళ్లాయప్ప వంగి తనే విప్పాడు.

గురవమ్మ వాకిట్లోకి వెళ్లింది. సుమోలో ముందు కూర్చున్నవాడు అద్దం దించి, ఏమైందన్నట్టు చూశాడు. వాడు రాడని చెప్పిందామె. ఎవరు వద్దన్నారని అడిగాడు.

"వాళ్ల నాయన వద్దన్నాడు."

ఇంట్లోంచి ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. సుమోలోవాళ్లు బయటి ఊరివాళ్లు, ఏమీ తెలియనివాళ్లు. ఒక మగవాడు కొడుకును పోవద్దని చెప్తున్నట్టే వాళ్లకు వినిపించింది. బండి తిప్పుకుని వెళ్లిపోయారు.

పులివెందులలో పెళ్లివాళ్ల ఇంటి సందులో వాళ్లు చీకటి పడేదాకా కాచుకున్నారట. వచ్చేపోయే మగవాళ్లలో సుబ్బరాయుడు ఎవరో వాళ్లకు తెలియలేదు. కొత్త బండి ఒకేచోట ఆగి ఉందని ఎవరో పోలీసులకు చెబితే, సీట్ల కింద దాచిన కత్తులతో సహా దొరికిపోయారు. అందరినీ కడప జైలుకు పంపించారు. ఆ వేళకు పెద్దాయన ప్రొద్దుటూరు సభలో ఉన్న సంగతి జిల్లా అంతా చూసింది. ఆయన ఒక్కరిని కూడా జైలుకెళ్లి పలకరించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు గురవమ్మ తలుపు గడియ పెట్టుకుని, చప్పుడైతే ఉలిక్కిపడుతూ గడిపింది. పెద్దాయన నుంచి ఏం వస్తుందోనని భయం. చివరికి వచ్చింది బాలసుబ్బయ్య ఒక్కడే. కొత్త టీవీ, డబ్బా, మోటారుసైకిలు, ఫోను తీసుకుపోయాడు. ఎర్ర వైరు తెల్ల వైరు కూడా చుట్టుకుపోయాడు, పాత టీవీ మాత్రం వదిలేశాడు. జైల్లో పడ్డవాళ్లు నోరు విప్పుతారేమోనన్న దిగులే పెద్దాయనకు ఎక్కువగా ఉందని, గొర్లు కాసుకునే ఇంటి జోలికి రాడని గుమాస్తా పోతూ పోతూ మెల్లగా చెప్పాడు.

ఎన్నికలైపోయిన తర్వాత, తల్లీకొడుకులు పొట్టేళ్లను తోలుకుని పులివెందుల సంతకు వెళ్లారు. ఎండ ఎక్కువగా ఉంది. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన మనవరాలిని చంకన వేసుకుని పొట్టేళ్లను చూసుకుంటూ వచ్చి, వాళ్ల పొట్టేలు ఒకదాని ముందు ఆగాడు. గురవమ్మ ఆయన్ని గుర్తుపట్టలేదు. కొడుకు మెడ నరం బిగియడం చూసి తెలుసుకుంది.

"ఎన్ని పళ్లేసిందప్పా?" అని పొట్టేలు వయసు అడిగాడు సుబ్బరాయుడు.

నారాయణస్వామి తాడు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పసిపిల్ల పొట్టేలు కొమ్ము పట్టుకోవాలని చెయ్యి చాస్తోంది. గురవమ్మకు సంత చప్పుడు వినిపించలేదు. వాడు వంగి, పొట్టేలు దవడ పట్టి నోరు తెరిచి చూపించాడు.

"రెండు పళ్లు."

ముసలాయన తల ఊపి, దాని వీపు తడిమి, ఎందుకో వద్దనుకుని పక్క మందకు వెళ్లాడు. నారాయణస్వామి తాడును గుంజకు కట్టాడు, ముడి సరిగ్గా పడక విప్పి మళ్లీ కట్టాడు.

"ఆకలైతాంది మా," అన్నాడు.

గురవమ్మ మూట విప్పి, సంగటి ముద్ద తీసి వాడి చేతిలో పెట్టింది.