మూడో పిలుపు

పుస్తకాల కట్టకు పురికొస చుట్టి ముడి బిగిస్తూనే వీరవేణి దొడ్డివైపు చెవి ఒగ్గి ఉంది. కొడుకు దుర్గారావు నూతి దగ్గర మొహం కడుక్కుంటూ మధ్యలో ఆగిపోయాడు. పొద్దున్న కూడా గుండె మీద అరచెయ్యి పెట్టి రాసుకోవడం ఆమె చూసింది.

"ఇవాళ్టికి మానేద్దూ, నాన్నా."

"ఉత్త గ్యాసేనమ్మా. నువ్వు భయపడని రోజొకటి చెప్పు, ఆ రోజు మానేస్తాను."

అలాంటి రోజు ఆమెకు తెలీదు. కొబ్బరాకు కదిలితే గాలివాన అనుకుంటుంది, ఫోను మోగితే చావు కబురనుకుంటుంది. మొదటిసారి మోగితే తియ్యదు, రెండోసారీ తియ్యదు. అందుకే కొడుకు ఎక్కడి నుంచైనా మూడుసార్లు చేస్తాడు.

ఆ అలవాటు రేవులో అబ్బింది. దుర్గారావు తండ్రి వైనతేయ ఏటి మీద పడవ వేసేవాడు. దీపాలు పెట్టాక అవతలి గట్టు నుంచి ఎవరు కేకేసినా మొదటి రెండు కేకలకూ పడవవాళ్ళు పలికేవారు కారు. నీళ్ళలో పోయినవాళ్ళు రెండుసార్లే పిలవగలరట. మూడోసారి పిలిస్తేనే మనిషి. ఒక ముసురు సాయంత్రం ఆయన, "ఎవరో నొప్పుల మనిషేమోనే" అంటూ మొదటి కేకకే గెడ అందుకున్నాడు. పడవ దిగువన లంక ఒడ్డున దొరికింది. ఆయన దొరకలేదు. పిల్లాడు అప్పటికింకా పాలు మానలేదు.

ఆ పిల్లాడే కొబ్బరి కొట్లో గుమాస్తా అయ్యాడు. సెలవు దొరికితే సైకిలేసుకుని రేవు రేవూ తిరిగాడు. వంతెనలు వచ్చాక మూలపడ్డ రేవులవి. ఎక్కడ ఎవరు పడవ వేసేవారో, ఏ వరదకు ఏ లంక కోసుకుపోయిందో ముసలివాళ్ళను అడిగి అడిగి పుస్తకం రాశాడు, తనే అచ్చు వేయించుకున్నాడు. ఎవరు పిలిచినా వెళ్ళి మాట్లాడతాడు. నాలుగు పుస్తకాలు అమ్ముడైతే ఇంటికొచ్చి పిల్లాడిలా చెబుతాడు. ఆమె కూడా వెంట వెళుతుంది. పుస్తకాల బల్ల దగ్గర కూర్చోవడానికని పేరు. అసలు పని, కొడుకును కళ్ళముందు ఉంచుకోవడం.

మామిడికుదురులో ఎక్కిన బస్సు వంతెన మీదికి రాగానే ఆమె కళ్ళు మూసుకుంది.

"దాటేమా?"

"దాటేమమ్మా," అన్నాడు దుర్గారావు. ఇంకా సగం ఏరు ఉంది.

"మాటల చివర్లో ఆ రేవు కేక వెయ్యకురా. దీపాల వేళ."

"అది వినడానికేనమ్మా వాళ్ళొచ్చేది. కేక విన్నాకే పుస్తకం మీద చెయ్యి వేస్తారు."

అమలాపురంలో సభ ఒక గ్రంథాలయం మేడ మీద. పిలిచిన పెద్దమనిషి ఆదినారాయణగారు కుర్చీలు తనే తుడుస్తున్నాడు. వీరవేణి హాలు చివర బల్ల మీద పుస్తకాలు పరిచింది. పద్మశ్రీ అనే టీచరమ్మ ఒకటి తిరగేసింది.

"మా అమ్మమ్మగారి ఊరి రేవుందాండీ ఇందులో?"

"ఉంటాదమ్మా. మావాడు దేన్నీ వదలడు."

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతులో భయం లేదు.

దుర్గారావు మాట్లాడాడు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. మాట ముగుస్తుండగా ఆమె ముందుకెళ్ళి ఫ్లాస్కు మూతలోకి వేడి జీలకర్ర నీళ్ళు వంచి అతని ముందు పెట్టింది.

"ఇవి తాగి అప్పుడు కెయ్యి కేక."

"అయ్యాక తాగుతానమ్మా."

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. అతను జనం వైపు తిరిగాడు. "మూడో కేకకి మీరంతా 'ఆయ్, వస్తున్నాం' అనాలండి. ముందే అన్నారో, మునిగేరన్నమాటే!"

అందరూ నవ్వారు. ఆదినారాయణగారు ఒక్క దీపం ఉంచి మిగతావి ఆర్పేశాడు.

"ఓ...య్! పడవోయ్!"

కేక గోడకు తగిలి తిరిగొచ్చింది. వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో కేక సన్నగా, నిజంగానే ఏటికి అవతలి నుంచి వచ్చినట్టు వచ్చింది. దుర్గారావు కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గుండె మీదికి వాలింది.

జనం నవ్వుమొహాలతో కాచుకున్నారు. "ఎంత బాగా చేస్తున్నారండీ," అంది పద్మశ్రీ గుసగుసగా. వీరవేణి కూడా కాచుకుంది. ఇన్నేళ్ళూ కాచుకున్నట్టే, మూడోదాని కోసం కాచుకుంది. కొడుకు చెయ్యి బల్ల మీద నుంచి జారి వేలాడింది.

ఆమె లేచిన ఊపుకు పుస్తకాలు దొర్లాయి.

"ఆయ్... వస్తన్నా నాయనా, వస్తన్నా!"

హాలంతా గొంతు కలిపింది. "ఆయ్, వస్తున్నాం!" చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యనుంచి ముసలామె గోడలూ కుర్చీలూ పట్టుకుంటూ కొడుకు దగ్గరికి నడిచింది.

దీపాలు వెలిగాయి. ఆదినారాయణగారు దుర్గారావు మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసి, ఆ చేతిని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. పక్కనే ఫ్లాస్కు మూత ఉంది. అంచుదాకా ఉన్న నీళ్ళలోంచి సన్నగా ఆవిరి లేస్తూనే ఉంది.