మూడు పనిదినాలు

మునివెంకటమ్మ చంద్రికలనే వెదురు తట్టల మీది పట్టుగూళ్లను ఒలుస్తూ, మధ్యమధ్య ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఆడిస్తోంది. లోపలి పురుగు టక్కున తగిలితే గూడు అమ్మకానికి వచ్చినట్టే. ముప్పై ఏళ్లుగా ఇండూరులో ఆమె ఎరిగిన పరీక్ష అదొక్కటే. మల్బరీ ఆకు తుంచి తుంచి వేళ్ల చివర్లు నల్లగా పగిలిపోయాయి. వానల వల్ల ఈసారి ఒలుపు ఆలస్యమైంది. ఇంక రెండు రోజులు దాటితే పురుగులకు రెక్కలొచ్చి గూళ్లు తొలుచుకొని బయటపడతాయి. కంత పడ్డ గూటికి దారం రాదు.

రెండు మూటలు ఆటోలో వేసుకొని నల్లంపల్లి రోడ్డు మీది కంపెనీ షెడ్డుకు చేరింది. పిల్లపురుగులు ఇచ్చింది ఆ కంపెనీయే. గూళ్లు దానికే అమ్మాలని ఒప్పందం. బల్ల దగ్గరి సత్యప్రియ కంప్యూటరులో ఆమె పేరు వెతికింది.

"పెద్దమ్మా, ఫోనుకు ఓటీపీ వచ్చిందా చూడు. ఈ పంట నుంచి అది కొడితేనే తూకం ఎక్కేది."

"నాకేం రాలేదు పాపా."

ఎలా వస్తుంది? అందులో ఎక్కించింది మొగుడు ఎల్లప్పన్ నంబరు. ఆయన పోయి ఏడాది దాటింది, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో. సత్యప్రియ పాపం దానికే ఫోన్ చేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు ఓటీపీ చెప్పేంత పిచ్చివాణ్ని కాదంటూ అవతలి మనిషి పెట్టేశాడు. అతని తప్పూ లేదు.

"అయితే నంబరు మార్చేయి."

"మార్చాలన్నా పాత నంబరుకే ఓటీపీ పోతాది పెద్దమ్మా. నేనేం చేసేది?"

"ఆయన చచ్చిపోయినాడే! నేను ఈడ నిలబడుకోని ఉండానే! నా మొగం చూసి రాసుకో."

"ఇది మొగం చూడదు పెద్దమ్మా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి మంచిదే, దేవుడికే చెవుల్లేవు. సత్యప్రియ కొట్టిన ఫిర్యాదుకు వెంటనే జవాబు పడింది: మూడు పనిదినాల్లో పరిష్కరిస్తారట. ఆ పిల్ల దాన్ని చదివి తల దించుకుంది. మునివెంకటమ్మ మూట మీద చెయ్యి వేసింది.

"పురుగు మూడు దినాలు నిలబడదే పాపా," అంది మెల్లగా.

ఇరవై ఐదు రోజులు వేళకు నిద్ర లేకుండా మేపిన పంట. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు. మూటలు మళ్లీ ఆటో ఎక్కాయి.

మూడో రోజు ఉదయానికి ఇల్లంతా సన్నటి రెక్కల చప్పుడు. ఎగరడం చేతకాని తెల్లటి పురుగులు గోడల మీద పాకుతున్నాయి. ఫోన్ మోగింది.

"నంబరు మారింది పెద్దమ్మా! గూళ్లు తీసుకొనిరా," అంది సత్యప్రియ సంబరంగా.

"అట్లనా," అంది మునివెంకటమ్మ.

అలవాటు కొద్దీ ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించింది. చప్పుడు లేదు. దాన్ని కిటికీలో పెట్టి, చీపురు కోసం లోపలికి పోయింది. గూడు తెల్లగా, గట్టిగా అక్కడే ఉంది, ఒక చివర చిటికెన వేలు కూడా పట్టనంత కంతతో.