సత్యభామ ఎక్కడున్నా రావాలి

మా అత్తగారు బెల్గాంలో తప్పిపోయిందని తెలిసేసరికి నా చేతుల్లో రెండు చీరలున్నాయి. కుడిచేతిలో చిలకపచ్చ, ఎడమచేతిలో ఉల్లిపొర రంగు.

చవితికి మా వాడలో ఆడవాళ్ళం ఫుగడీ ఆట పోటీకి వెళతాం. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగేటప్పుడు అందరివీ ఒకే రంగు చీరలుండాలని మా నాయకురాలు, వరసకి వదినయ్యే కాళింది వహిని ఈ ఏడు తేల్చేసింది. అన్ని చీరలు గోవాలో దొరకవా అంటే దొరుకుతాయి. కానీ ఘాట్ దాటి బెల్గాం వెళ్ళి, కాళ్ళు వాచేలా తిరిగి, సంచినిండా కుందా మిఠాయి మూటలు కట్టించుకుని రాకపోతే అది చీర కొన్నట్టు కాదు మా వైపు. అందుకని డ్రైవరు బాబుసో బస్సు మాట్లాడుకున్నాం. శ్రావణమాసం. చేపలు మానేసి ఉన్న రోజులు. అందరూ చిరాగ్గా ఉన్నారు, అందరికీ ఏదో ఒకటి కొనాలని ఉంది.

మొదటి దెబ్బ పొద్దున్నే తగిలింది. నేను బయల్దేరుతుంటే మా అత్తగారు తులసికోట దగ్గర నిలబడి ఉంది. తలదువ్వుకుని, ముదురు నీలం నూలుచీర కట్టుకుని, చేతిలో గుడ్డ సంచి.

"నేనూ వస్తా" అంది.

మా ఆయన గురుదాస్ పళ్ళు తోముకుంటున్నవాడు బ్రష్షు నోట్లోనే ఉంచుకుని చూశాడు. ఆయీ అని, అంటే అమ్మా అని, మేం పిలిచే మా అత్తగారు గుడికీ పొలానికీ తప్ప ఎక్కడికీ వెళ్ళదు. మా ఇంట్లో ఆవిడ ఉనికి గాజుల చప్పుడు బట్టి తెలుసుకోవాలి. ఏదైనా అడిగితే తలూపుతుంది, లేదా తలూపదు. ఆ రెండింటితోనే సంసారం ఈడ్చుకొచ్చిన మనిషి.

మా వైపు పెళ్ళయి గడప దాటగానే కోడలికి కొత్త పేరు పెడతారు. పళ్ళెంలో బియ్యం పరిస్తే మొగుడు ఉంగరంతో రాస్తాడు. ఆ పూటతో పుట్టింటి పేరు పుట్టింటికే పోతుంది. నేను పుట్టింట్లో నూతన్‌ని, ఇక్కడ వరదని. మా మామగారు ఆ రోజు ఏ హుషారులో ఉన్నారో, ఆయీకి సత్యభామ అని రాశారు. అలిగి కృష్ణుణ్ణే కాళ్ళ దగ్గరికి తెప్పించుకున్న ఆవిడ పేరు. మా ఆయీ, కూరలో ఉప్పు తక్కువైందని మామగారు కేకలేస్తే, ఉప్పు జాడీ పట్టుకుని తలుపు వెనక నిలబడేది. ఆయన పోయాక కూడా ఆ తలుపు వెనకే ఉండిపోయింది.

"జాగ్రత్తగా తీసుకురా" అన్నాడు గురుదాస్, నోరు పుక్కిలించాక. బస్సెక్కేటప్పుడు ఆయీ సంచి నేను అందుకున్నాను. బరువుగా ఉంది. ఏముందిందులో అంటే గొడుగంది.

బెల్గాంలో చీరల కొట్లో గంపెడుమంది ఆడవాళ్ళం చిలకపచ్చా, ఉల్లిపొరా అని కొట్టుకుంటుంటే ఆయీ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. సంచి నా దగ్గరే పెట్టింది. నేను ఆ రెండు చీరలూ వెలుతురులో చూద్దామని గుమ్మం దాకా వచ్చాను. స్టూలుంది. ఆయీ లేదు.

పక్క కొట్లో లేదు. గాజుల దుకాణాల్లో లేదు. గణపతి గల్లీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళి వచ్చాం, లేదు. ఫోను ఆవిడకి లేదు. మనిషిని బజార్లో తప్పిపోయేటంత దూరం ఒంటరిగా నడవనిస్తే కదా, ఫోను అవసరమని తోచేది. చీకటిపడితే ఘాట్‌లో మంచు కమ్మేస్తుంది, ఈలోపే దిగిపోవాలని బాబుసో పొద్దుటినుంచీ చెబుతున్నాడు. ఆయీ లేకుండా ఇంటికెళ్ళి గురుదాస్ ముందు నిలబడ్డం ఒకసారి ఊహించుకున్నాను. రెండోసారి ఊహించుకోలేదు.

బజారు మొదట్లో పోలీసు చౌకీ ఉంది. దాని మీద మైకు. హవల్దారు టీ తాగుతున్నాడు. పేరడిగాడు. సత్యభామ గాంవస్ అని చెప్పాను. గుర్తులడిగాడు. నీలం నూలుచీర, బక్కమనిషి, మాట్లాడదు అన్నాను.

"మూగావిడా?"

"కాదు. మాట్లాడదంతే."

ఆయన నన్నొక చూపు చూసి మైకు అందుకున్నాడు. గోవానుంచి వచ్చిన సత్యభామ గాంవస్ ఎక్కడున్నా చౌకీ దగ్గరికి రావాలని మరాఠీలో, కన్నడంలో పిలిచాడు. గొంతు బజారంతా పాకింది. పావురాలు లేచాయి. సత్యభామ రాలేదు. మళ్ళీ పిలిచాడు. గోవా నుంచే వచ్చిన ఇంకెవరో ఒకావిడ వచ్చి, తనకేమైనా లాటరీ తగిలిందా అని అడిగి వెళ్ళింది.

"ఇంట్లో ఏమని పిలుస్తారు?" అన్నాడు హవల్దారు.

"ఆయీ అని."

"మైకులో అమ్మా అని పిలిస్తే సగం బజారొచ్చి నా మీద పడుతుంది తాయీ. పుట్టింటి పేరు చెప్పండి. పెద్దవాళ్ళు ఒక్కోసారి దానికే పలుకుతారు."

నేను నోరు తెరిచాను.

ఆవిడ చేతి అన్నం ఇన్నేళ్ళు తిన్నాను. ఆవిడకి ఏ మోకాలు నొప్పో, ఏ మాత్రకి నిద్రపడుతుందో, ఏ గిన్నె ఎవరు ముట్టుకుంటే గిట్టదో తెలుసు. పేరు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. కాళింది వహిని వైపు తిరిగాను. ఊళ్ళో ఎవరింట్లో ఏ పప్పు ఉడుకుతుందో చెప్పగల మనిషి ఆవిడ. తల అడ్డంగా ఊపింది. ఆయీది ఘాట్ అవతల ఊరని మాత్రం అందరికీ తెలుసు. ఘాట్ అవతల అంటే మాకు అదంతా ఒకటే ఊరు.

గురుదాస్‌కి ఫోను చేశాను. తప్పిపోయిందని చెప్పకుండా పేరు మాత్రం అడుగుదామనుకున్నాను గానీ, మొగుడు మరీ అంత మొద్దు కాదు.

"ఆయీకి ఇంకో పేరెందుకుంటుంది?" అన్నాడు ముందు. తర్వాత ఫోనులో మా ఇంటి గోడగడియారం వినిపించింది. "వెతుకు" అని పెట్టేశాడు.

తలో దిక్కూ పోయాం. నేను కొట్ల వెనక పాత ఇళ్ళున్న గల్లీలోకి తిరిగాను. అక్కడ ఏదో తగువు జరుగుతోంది, జనం గుమిగూడారు. తగువు కనిపిస్తే ఆగకుండా పోయే దాన్ని కాను నేను. కానీ ఆ రోజు పోయాను. గల్లీ చివర గోడ వచ్చేసింది. వెనక్కి తిరిగి మళ్ళీ ఆ గుంపు పక్కనుంచే రావలసివచ్చింది. ఒకావిడ గొంతు చించుకుని కన్నడంలో తిడుతోంది. ఏం గొంతు అది. ఆ గొంతుతో గేదెని తోలినా గేదె నొచ్చుకుంటుంది. వింటూ రెండడుగులు వేశాక, ఆ తిట్ల మధ్య గాజుల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు తెలుసు.

మునివేళ్ళ మీద లేచి చూశాను.

ఆయీ. కొంగు నడుముకి దోపుకుంది. చెయ్యి గాల్లో ఉంది. ఎదురుగా అప్పడాల కొట్టు గుమ్మంలో ఆవిడ పోలికే ఉన్న ఇంకో ముసలావిడ, ఆవిడ చెయ్యి కూడా గాల్లోనే. ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆనందంగా చూస్తున్నారు. దయ్యం పట్టిందేమో అనుకున్నానంటే నవ్వకండి, అంతకంటే నమ్మదగ్గ కారణమేదీ నాకు తోచలేదు.

తిట్లు కన్నడంలో నడుస్తున్నాయి, కారణాలు మరాఠీలో. తిట్లు అర్థం కాలేదుగానీ కారణాలు అర్థమయ్యాయి. ఆ రెండో ఆవిడ పేరు కాశీ, ఆయీ చెల్లెలు; ఆ కొట్టు వాళ్ళ పుట్టింటి అరుగు మీదే పెట్టుకుందట. తండ్రి తీర్థయాత్రలకి పోలేక కూతుళ్ళకి ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాడట. తల్లీతండ్రీ పోయాక మేనమామ ఆయీని ఘాట్ దించి మాకు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. కాశీ అప్పటికి లంగాలు కట్టుకునే పిల్ల.

"ఒక్కసారైనా వచ్చావుటే? చచ్చానో బతికానో చూశావా?" అంటోంది ఆయీ.

"వచ్చా! మీ ఊరి జాతరకి వచ్చా. చంకలో పిల్లాడు. కొట్టుకొట్టుకీ వెళ్ళి మథుర ఇల్లెక్కడ, బెల్గాం మథుర ఇల్లెక్కడ అని అడిగా. ఈ ఊళ్ళో మథుర లేదన్నారు. ఊరంతా అదే మాట. తిరిగొచ్చి నీకు నీళ్ళు వదలబోతుంటే నా మొగుడు ఆపాడు."

"అబద్ధం. నేను ఊళ్ళోనే ఉన్నా."

"నీదే అబద్ధం, అక్కా. లేవు."

సరిగ్గా అప్పుడు మైకు మోగింది. గోవానుంచి వచ్చిన సత్యభామ గాంవస్ ఎక్కడున్నా చౌకీ దగ్గరికి రావాలి. కాశీ విసుక్కుంది.

"ఇందాకట్నుంచీ గోల. ఎవరే ఈ సత్యభామ?"

"ఎవరో గోవా ఆవిడట. తప్పిపోయిందట" అంది మా అత్తగారు. కొంగు కూడా సర్దుకోలేదు.

రెప్ప వెయ్యకుండా అంది. ఇందాకట్నుంచీ ఆ పేరు పిలుస్తుంటే వింటూనే, నా ప్రాణం పోతోందని తెలిసీ, వేరెవరినో పిలుస్తున్నట్టు తన తగువు తను చూసుకుంటోంది. కోపం రావలసిందే. కానీ జాతరలో బిడ్డని చంకనేసుకుని కొట్టుకొట్టుకీ తిరిగిన మనిషి నా కళ్ళముందుంది. ఊరు అబద్ధం చెప్పలేదు. మా ఊళ్ళో నిజంగానే మథుర లేదు. ఒక పళ్ళెం బియ్యం, ఒక ఉంగరం, అంతే.

జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాను.

"మావషీ" అన్నాను కాశీతో, పిన్నీ అన్నట్టు. "మీరు అడిగిన పేరు మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అక్కడ ఆవిడ సత్యభామ."

కాశీ నన్ను చూసింది. మైకు వైపు చూసింది. అక్కని చూసింది. గాల్లో ఉన్న చెయ్యి అలాగే నోటిమీదికి దిగింది. ఆయీ కూడా నిలబడిపోయింది. తన చెల్లెలు రాలేదని ఇన్నేళ్ళు తలుపు వెనక నిలబడి అనుకున్న మనిషికి, తలుపు అవతలే ఆ చెల్లెలు నిలబడి వెళ్ళిపోయిందని అప్పుడే తెలిసింది. తగువు అయిపోయిందని జనం కాస్త నిరాశపడ్డారు.

"మరి సత్యభామ ఇల్లెక్కడని అడక్కపోయావా?" అంది ఆయీ చివరికి, నెమ్మదిగా.

"నాకెవరు చెప్పారే? మామ చెప్పాడా? నువ్వు చెప్పించావా?" అని కాశీ అందుకుంది. ఈసారి ఏడుస్తూ. ఆయీ కూడా ఏడుస్తూనే జవాబు చెప్పింది. గొంతులు మళ్ళీ లేచాయి. జనం కుదురుకున్నారు.

దూరంగా కాళింది వహిని ఈల వినిపించింది. బస్సు కదలాలి. ఆయీ దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఆయీ, వెళదాం."

ఆవిడ చెయ్యి విడిపించుకుని, నా భుజానికున్న గుడ్డ సంచి తీసుకుంది. తెరిచి చూసుకుంది. తన నూలుచీరలు రెండు, మోకాలి నూనె, నిద్రమాత్రలు, దువ్వెన. గొడుగు లేదు. పొద్దుటినుంచీ ఆ సంచి మోసింది నేను.

"నేను రాను. చవితికి వస్తా. ఈ తగువు ఇవాళ తెమిలేది కాదు" అంది. తర్వాత నావైపు చూసి, "చిలకపచ్చ తీసుకో. ఉల్లిపొర రంగులో నువ్వు కామెర్లు వచ్చినదానిలా ఉంటావు" అంది.

ఇన్నేళ్ళలో ఆవిడ నాతో అన్న అతి పొడుగు మాట అది.

చిలకపచ్చే తీసుకున్నాం. హవల్దారుకి చెప్పాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. బస్సు చౌకీ దాటుతుంటే పాపం ఆయన ఇంకా సత్యభామని పిలుస్తూనే ఉన్నాడు.

ఘాట్‌లో మంచు దిగిపోయింది. బాబుసో నోరు మూసుకుని, దీపాలు వేసి, బస్సుని పాకిస్తున్నాడు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. సిగ్నలు అందగానే గురుదాస్ ఫోను చేశాడు.

"దొరికిందా?"

"దొరికింది. చవితికి వస్తుంది. వాళ్ళ చెల్లెలింట్లో ఉంది. పేరు మథుర."

"చెల్లెలి పేరా?"

"మీ ఆయీ పేరు."

ఆయన ఆ పేరుని ఒకసారి తనలో తను అనుకోవడం వినిపించింది. తర్వాత, అక్కడ ఆయీ ఏం చేస్తోందని అడిగాడు.

"పోట్లాడుతోంది."

"ఎవరు?"

"ఆయీ."

బస్సు రెండు మలుపులు తిరిగింది.

"గట్టిగానా?" అన్నాడు గురుదాస్, చిన్నపిల్లాడి గొంతుతో.

"గట్టిగానే" అన్నాను.