సున్నం కింద రెండిళ్ల ముద్రలు

పొద్దుట్నుంచీ కరుణాకుమారి ప్రాణం ప్రాణంలో లేదు. చంకలో ఎనిమిది నెలల ఏంజెలిన్ పాలకోసం గునుస్తా ఉంది. మైపాడు దారిలో దొరల సమాధుల తోటకి కరుణ కాపలా. గేటు పక్కనున్న ఒంటిగదే తల్లీబిడ్డలకు నీడ. ఈ పని పోతే ఆ గదీ పోతుంది.

ఈరోజు స్వీడన్ నుంచి ఎబ్బా అనే పెద్దామె వస్తా ఉంది. ఎప్పుడో ఆమె ముత్తవ్వల కాలంలో, బిరుదులున్న వాళ్ల వంశపు పిల్లను ఇంగ్లండులో భూస్వాముల ఇంటికి ఇచ్చినారంట. మొగుడి ఉద్యోగం వెంబడి ఇక్కడికొచ్చి, ఆ పిల్ల జ్వరంతో ఈ ఇసకలోనే కలిసిపోయింది. పుట్టింటి వంశముద్ర, మెట్టినింటి వంశముద్ర పక్కపక్కన చెక్కిన రాయి ఆ పిల్ల గోరీ మీదున్న ఇదొక్కటేనంట.

ఆ ముద్రలు కరుణ ఏనాడూ చూసింది లేదు. ఏటా సమాధుల పండక్కి ముందు అత్త, అత్త పోయినాక తను, తమవాళ్ల గోరీలతో పాటు దానికీ సున్నం కొట్టినారు. గది గుమ్మానికెదురుగా, అయినవాళ్లు లేని గోరీని మాసిపోనిస్తే పాపమని అత్త మాట. పూత మీద పూత పడి రాయి పిండిముద్దలా అయిపోయింది.

సంఘపెద్ద మాథ్యూ గారు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏమ్మే, చెక్కిన రాతికి సున్నం కొడతారా ఎవురైనా?"

"మా అత్త కొట్టేది, అయ్యగారూ..."

"ఆ దొరసాని కంట నీళ్లు పెట్టిందో, సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాల. చెప్తా ఉండా."

కారు ఆగింది. తెల్లజుట్టు ఎబ్బా రాయి ముందు నిలబడి ఇంగ్లీషులో ఏదో అడిగింది. మాథ్యూ గారు కరుణ వైపు వేలు చూపించినాడు.

కరుణ ఇంక ఆగలేకపోయింది. బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి, బిందెడు నీళ్లు, కొబ్బరిచిప్ప తెచ్చుకుని కూలబడింది. "నేనే కొట్టినానమ్మా" అంటా గోకింది. పెచ్చులు లేచినాయి. ముందు ఒక హంస మెడ. దాని పక్కనే లేడి కొమ్ములు. చేపముల్లంత గీత కూడా చెదరలేదు.

ఎబ్బా మోకాళ్ల మీద కూర్చుని, రెండు ముద్రల మీదా అరచెయ్యి ఆనించి భోరుమంది.

కరుణ గదివైపు చూసింది. ఉయ్యాల చీర ముందు విప్పాలి.

"ఏమంటుంది అయ్యగారూ?"

ఆయన సున్నం పడని పక్క గోరీల కేసి చూస్తా ఉన్నాడు. ఉప్పుగాలికి వాటిమీద ఒక్క అక్షరం మిగల్లేదు.

"ఫోటోలు తీసుకుంటుందంట." ఆయన చొక్కా గుండీ ఏంజెలిన్ నోట్లో ఉంది. "తీసినాక... సున్నం ఉండాదామ్మే? మళ్లా కొట్టమంటా ఉంది."