ముందు వరస

లండన్ కమెడియన్ డెరిక్ హోల్ట్ విజయవాడ వస్తున్నాడని తెలిసిన రోజే జ్ఞానేశ్వర్ ముందు వరసలో రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. హోల్ట్ ముందు వరసను వదలడు. పేరు అడుగుతాడు, పని అడుగుతాడు, చెప్పినదాన్ని పట్టుకుని ఉతికి ఆరేస్తాడు. ఆ ఉతుకుడు తనకూ పడాలని జ్ఞానేశ్వర్ కోరిక. తన చీరల కొట్లో బేరాల్లేనప్పుడల్లా ఫోనులో హోల్ట్‌ను చూస్తూనే అతను ఇంగ్లీషు పట్టుకున్నాడు.

రెండో టిక్కెట్టు సుస్మితకు. ఆమె ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. కొట్టు జీఎస్టీ ఆమే చూస్తుంది. పని అయ్యాక కూడా కూర్చుని అతని ఫోనులో హోల్ట్‌ను చూసి నవ్వేది. షో అయ్యాక ఆమెను పెళ్ళి మాట అడగాలని అతను అనుకున్నాడు.

"ముందు కూర్చుంటే వాయించేస్తాడేమోనండీ," అంది సుస్మిత, గన్నవరం దారిలో షో జరిగే హాల్లో కుర్చీ సర్దుకుంటూ.

"వాయించనివ్వండి. దానికీ రాసిపెట్టి ఉండాలి."

హోల్ట్ వచ్చాడు. తన కారు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటేలోపు తమ దేశంలో ఇద్దరు ప్రధానమంత్రులు మారిపోయారన్నాడు. హాలు నవ్వింది. తరవాత స్టేజీ అంచుకు వచ్చి జ్ఞానేశ్వర్ పేరు అడిగాడు. పలకబోయి, "ఇది పేరా, తుమ్మా?" అన్నాడు. జ్ఞానేశ్వర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

మైకు సుస్మిత వైపు తిరిగింది. "ఇతను నీకేమవుతాడు?"

సుస్మిత మైకును చూసింది, దాని వెనక కెమెరాను చూసింది.

"అన్నయ్యలాంటివారు."

ఇంగ్లీషులోనే చెప్పింది. హాలు గొల్లుమంది. హోల్ట్‌కు అర్థం కాలేదు. తానింకా జోకు వెయ్యలేదు కదా అన్నాడు. వెనక నుంచి ఒకడు లేచి, మా దగ్గర అమ్మాయి అన్నయ్యా అందంటే ఆ అబ్బాయి కథ అయిపోయినట్టేనని అరిచి చెప్పాడు.

హోల్ట్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అంటే నేనిప్పుడు చూసింది చావా? శవం టిక్కెట్టు కొనుక్కుని మరీ ముందు వరసలో కూర్చుందా?"

తెలుగులో ఆ మాటేమిటని అడిగాడు. హాలంతా అతనికి నేర్పింది. "అన్నయ్యా, అన్నయ్యా" అని అతను చేతులూపుతుంటే హాలు పాడింది. అప్పుడు హోల్ట్ వంగి మైకు జ్ఞానేశ్వర్ నోటి దగ్గర పెట్టాడు.

"ఆమె చెప్పింది నిజమేనా? కాదంటే ఇప్పుడే చెప్పు. మేమంతా నీ పక్షం."

ఫోనులో అన్నాళ్ళు చూసిన ముఖం చేయి చాస్తే తగిలే దూరంలో ఉంది. జ్ఞానేశ్వర్‌కు నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి.

"ఎస్ సర్," అన్నాడు.

ఆ పూట హాలు అన్నిటికంటే ఎక్కువగా నవ్వింది దానికే. సుస్మిత నవ్వలేదు.

పార్కింగులో బండి తాళం తీస్తూ, "నా పేరుతో ఎంత ఆడుకున్నాడో చూశారా?" అన్నాడతను. తరవాత తల ఎత్తకుండానే, "మీరు అలా అన్నారేంటండీ?" అన్నాడు.

"మైకు మొహం మీద పెట్టేస్తే భయమేసింది. మావాళ్ళెవరైనా చూస్తారేమోనని నోటికొచ్చింది అనేశా."

"అయితే నిజం కాదా?"

"మీతో వస్తున్నానని మా అమ్మకి చెప్పే వచ్చానండీ. ఎందుకు చెప్పి ఉంటాను?"

జ్ఞానేశ్వర్ తాళం వదిలేశాడు. "అయితే ఇప్పుడు అడుగుతున్నా సుస్మిత గారూ..."

"ఆయన అడిగాడుగా, కాదంటే చెప్పమని. నేను మీ వంకే చూస్తున్నా. మీరు ఎస్ సర్ అన్నారు."

"అది జోకండీ. అక్కడ కాదంటే జోకు చచ్చిపోతుంది."

"చచ్చిపోతే?"

గేటు దగ్గర కేకలు లేచాయి. హోల్ట్ కారు బయటికొస్తోంది, అద్దం దించి ఉంది. జ్ఞానేశ్వర్ అటు తిరిగి మునివేళ్ళ మీద లేచాడు. హోల్ట్ జనానికి చెయ్యి ఊపాడు. అతనూ ఊపాడు. వెనక సుస్మిత ఏదో అంది. కారు హైవే ఎక్కేదాకా చూసి ఇటు తిరిగాడు.

"ఏమన్నారండీ?"

"ఏం లేదండీ," అంది సుస్మిత. "ఆటో బుక్ చేశా. వచ్చేసింది."